ఎస్-5 దాకా ఆగాలా, అరిధామన్ లాంటివే మరికొన్ని కట్టాలా?

తూర్పుతీరం:
అణు క్షిపణులు మోసే మన అణు జలాంతర్గాముల్లో అరిహంత్ 2016లో, అరిఘాత్ 2024 ఆగస్టు 29న నౌకాదళంలో చేరాయి. రెండూ సుమారు 6,000 టన్నులవే, రెండింటికీ నాలుగేసి క్షిపణి ట్యూబులే. ఒక్కో ట్యూబులో చిన్నవైన కె-15 క్షిపణులు మూడు పడతాయి, లేదంటే పెద్దదైన కె-4 ఒక్కటి. మూడోదైన అరిధామన్‌కీ, దాని తర్వాతి ఎస్-4 స్టార్‌కీ కాస్త పొడవు పెంచి ఎనిమిదేసి ట్యూబులు పెట్టారు. ఆ తర్వాత 13,000 టన్నుల స్థాయిలో ఎస్-5 అనే కొత్త తరగతి వస్తుందని ఏళ్లుగా పత్రికల్లో చదువుతున్నాం.

నా వాదన ఒక్కటే. ఎస్-5 కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. చేతికొచ్చిన డిజైన్‌తోనే అరిధామన్ లాంటివి ఇంకో మూడు కట్టేయాలి. బ్రిటన్ 1969 నుంచి ఇప్పటిదాకా ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా సముద్రంలో ఒక జలాంతర్గామిని ఉంచుతోందంటే దానికి కారణం నాలుగు ఉండటమే. ఒకటి గస్తీలో, ఒకటి బయల్దేరే ఏర్పాట్లలో, ఒకటి శిక్షణలో, ఒకటి పెద్ద మరమ్మతులో. మొదట అణ్వస్త్రం వాడబోమని 2003లో లిఖితపూర్వకంగా ప్రకటించిన దేశం మనది. దెబ్బ తిన్నాక తిరిగి కొట్టగలగాలి కాబట్టి, ఆ రోజున నీళ్లలో ఒకటైనా ఉండి తీరాలి. సైజు సంగతి తర్వాత, ముందు సంఖ్య చూడండి.

లోతునీళ్లు:
తూర్పుతీరం గారూ, సంఖ్య విషయంలో మీతో పేచీ లేదు. కానీ ఆ నాలుగూ ఎక్కడ తిరగాలో మీరు చెప్పలేదు. ఈ చర్చంతా అక్కడే మొదలవ్వాలి.

కె-15 రేంజ్ 750 కిలోమీటర్లు. దాంతో బంగాళాఖాతంలో ఉండి చేయగలిగింది ఏమీ లేదు. విశాఖ నుంచి కరాచీ 1,800 కిలోమీటర్లు దాటి ఉంది. అంటే శ్రీలంక చుట్టి అరేబియా సముద్రంలోకి వెళ్లాలి, పాకిస్తాన్ నౌకాదళం కాపు కాసే నీళ్లలోనే మసలాలి. అంత చేసినా కరాచీ తీరం నుంచి ఇస్లామాబాద్ 1,100 కిలోమీటర్ల పైనే. నా దృష్టిలో కె-15 పని 2018 నవంబరులో అరిహంత్ తొలి గస్తీ ముగించిన రోజుతోనే అయిపోయింది. నీటి అడుగు నుంచి క్షిపణి పంపడం మనకు నేర్పింది, ఆ గౌరవం దానికి ఉంది. కానీ కొత్త పడవల్లో దానికి చోటు ఇవ్వకూడదు.

కె-4 రేంజ్ 3,500 కిలోమీటర్లు. 2024 నవంబరులో అరిఘాత్ నుంచి దాన్ని పరీక్షించారు. పాకిస్తాన్ విషయంలో ఇది పూర్తిగా సరిపోతుంది. ఇక చైనా చూద్దాం. విశాఖ నుంచి బీజింగ్ సరళరేఖలో 4,000 కిలోమీటర్లు. కాబట్టి బంగాళాఖాతం ఉత్తరపు మూలకు పోవాలి. ఇరవయ్యో అక్షాంశం దగ్గరైతే దూరం 3,300-3,400కి దిగుతుంది. మ్యాప్ తెరిచి ఆ మూల ఎలా ఉందో చూడండి. మూడు పక్కలా నేల. ఇంకాస్త పైకి పోతే గంగా బ్రహ్మపుత్రలు తెచ్చి పోసిన ఒండ్రుతో సముద్రం లోతు తగ్గిపోతుంది. పక్కనే బంగ్లాదేశ్‌లో, కాక్స్ బజార్ జిల్లాలోని పెకువాలో చైనా సాయంతో కట్టిన జలాంతర్గామి స్థావరం. మన పడవ ఎక్కడ ఉంటుందో శత్రువుకి ముందే తెలిసిపోతే అది దాక్కున్నట్టు ఎలా అవుతుంది?

రేంజ్ 5,000 దాటిందనుకోండి, చెన్నై అక్షాంశం దాటి దక్షిణానికి దిగినా బీజింగ్ అందుతుంది. 6,000 అయితే భూమధ్యరేఖ దాకా పోవచ్చు. వెతికేవాడికి మొత్తం బంగాళాఖాతం, హిందూ మహాసముద్రంలో మరో పెద్ద ముక్క జల్లెడ పట్టాల్సి వస్తుంది. మన విమానాలు, మన నౌకలు కాపలా ఉండే నీళ్లలోనే మన పడవ ఉంటుంది. ఆ రేంజ్ క్షిపణి కోసమే పెద్ద పడవ కావాలంటున్నాను.

గాజువాక కుర్రాడు:
లోతునీళ్లు అన్నా, పెద్ద క్షిపణికి పెద్ద పడవ ఎందుకో చాలామందికి కళ్లకు కట్టదు. ఒకసారి విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఎక్కి చూడమనండి. అది అణు జలాంతర్గామి కాదు, రష్యా నుంచి తెచ్చిన పాత డీజిల్ పడవ. పొడవు 91 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి కంతలోంచి నడుం వంచి, ముందు ఒక కాలు వేసి దూరాలి. గోడలన్నీ పైపులు, వాల్వులు. మనిషి పడుకునే చోటు టార్పెడోల పక్కనే. అక్కడ నిలబడి తలెత్తి చూస్తే పైకప్పు చేతికి అందుతుంది.

ఇప్పుడు కె-4 ఎత్తు 12 మీటర్లని గుర్తు చేసుకోండి. టార్పెడోలా దాన్ని అడ్డంగా పడుకోబెట్టి వదలడం కుదరదు, నిలువుగానే ఉండాలి. అరిహంత్ వెడల్పే 11 మీటర్లు. అందుకే దాని వీపు మీద ఆ మూపురం. ఆ మూపురం ఎంత పెరిగితే పడవ వేగంగా పోయేటప్పుడు నీళ్ల రొద అంత పెరుగుతుంది. అమెరికా క్షిపణి ట్రైడెంట్ డి-5 కూడా 13 మీటర్ల పైచిలుకే, కానీ 59 టన్నులు. మన కె-4 సుమారు 17 టన్నులు. డి-5 లాంటివి మోయాలంటే పడవ లావు పెంచక తప్పదు.

రామబాణం:
మీరంతా మరీ జాగ్రత్తగా మాట్లాడుతున్నారు. ఒకే క్షిపణి మీద అనేక వార్‌హెడ్లు (పేలే అణ్వస్త్రాలు) పంపే అగ్ని-5ని 2024 మార్చి 11న పరీక్షించాం కదా. అదే విద్యను సముద్రంలోకి తేవాలి. ఎస్-5కి 16 ట్యూబులు, ఒక్కో దాంట్లో నాలుగైదు వార్‌హెడ్లు పెట్టాలి. చైనా జలాంతర్గామి టైప్ 094కే 12 ట్యూబులున్నాయి. మనం తక్కువ పెట్టుకుని ఎవరిని భయపెడతాం?

లోతునీళ్లు:
రామబాణం తమ్ముడూ, అన్ని వార్‌హెడ్లు ఒకే పడవలో పెడితే ఆ పడవ దొరికిన రోజున మన పని ఏమవుతుందో ఆలోచించు. నాలుగు పడవల్లో గస్తీలో ఉండేది ఒకటో రెండో.

పైగా పెద్ద పడవంటే ఎక్కువ ట్యూబులు అనుకోవడమే పొరపాటు. బ్రిటన్‌ని చూడు. వాన్‌గార్డ్ 15,900 టన్నులు, 16 ట్యూబులు. దాని స్థానంలో వస్తున్న డ్రెడ్‌నాట్ 17,200 టన్నులు, ట్యూబులు మాత్రం 12. అమెరికా ఒహాయో 24 ట్యూబులతో మొదలైంది. ఇప్పుడు కడుతున్న కొలంబియా అంతకన్నా బరువు, అయినా 16తో సరిపెట్టారు. పెరిగిన టన్నులు ఎటు పోయాయి? ఎక్కువ భాగం శబ్దం తగ్గించడానికే. టర్బైన్లు, పంపులు పడవ గోడకు తగలకుండా రబ్బరు దిమ్మెల మీద తేలే వేదిక మీద కూర్చోబెట్టాలి, దానికి చుట్టూ ఖాళీ కావాలి. అరిహంత్‌లో ఉన్నది 83 మెగావాట్ల రియాక్టర్. ఎస్-5కి 190 మెగావాట్లది అంటున్నారు. ఆ శక్తి వేగం కోసం కన్నా నిదానంగా, చప్పుడు లేకుండా తిరగడానికి పనికొస్తే నాకు సంతోషం. 12 ట్యూబులు చాలు. మిగిలిన చోటంతా నిశ్శబ్దానికి ఖర్చు పెట్టాలి.

తూర్పుతీరం:
మీరు చెప్పిన రేంజ్ లెక్క ఒప్పుకుంటున్నాను. దానికి పెద్ద పడవే దారి అనడం ఒప్పుకోను. అమెరికా చరిత్రే నా సాక్ష్యం. 1960ల్లో కట్టిన లాఫాయెట్, ఫ్రాంక్లిన్ తరగతుల పడవలు నీట మునిగినప్పుడు సుమారు 8,250 టన్నులు, వెడల్పు 10 మీటర్లే. మన అరిహంత్ కన్నా సన్నం. వాటికి 16 ట్యూబులు. మొదట పొలారిస్ క్షిపణులు పెట్టారు, తర్వాత పొసైడన్. 1979 నుంచి వాటిలో పన్నెండింటికి అవే ట్యూబుల్లో ట్రైడెంట్ సి-4 దించారు. రేంజ్ ఏకంగా 7,400 కిలోమీటర్లకు పెరిగింది. పడవ మారలేదు, క్షిపణి మారింది. క్షిపణి పైతొడుగు తేలిక చేశారు, మంచి ఇంధనం వాడారు, మూడో దశ కలిపారు. సి-4 ఎత్తు 10.4 మీటర్లే, కానీ వ్యాసం దాదాపు 1.9 మీటర్లు. పొట్టిగా, లావుగా ఉంటుంది.

మన కె-4 సన్నగా పొడుగ్గా, 1.3 మీటర్ల వ్యాసంతో ఉంది. అదే ట్యూబులో 74 సెంటీమీటర్ల కె-15లు మూడు పక్కపక్కన పడుతున్నాయంటే లోపలి వ్యాసం కనీసం 1.6 మీటర్లు ఉండి తీరాలి. ఆ చోటు నింపే లావు క్షిపణి చేస్తే, అదే ఎత్తులో ఘనపరిమాణం ఒకటిన్నర రెట్లవుతుంది. ఎస్-5 కన్నా ముందు ఆ పని ఎందుకు చేయకూడదు?

కాలం కూడా చూడండి. అరిహంత్ 2009 జులైలో నీటిలోకి దిగి 2016లో చేరింది. అరిఘాత్ 2017లో దిగి 2024లో చేరింది. తెలిసిన డిజైన్‌కే ఏడేళ్లు. కొత్త రియాక్టర్, కొత్త పడవ, కొత్త క్షిపణి మూడూ ఒకేసారి తలకెత్తుకుంటే ఎప్పటికి తేలుతుంది? అదే విశాఖ షెడ్డులో, అవే చేతులతో, 2024 అక్టోబరులో అనుమతి వచ్చిన రెండు దాడి జలాంతర్గాములు కూడా కట్టాలి కదా.

వికారాబాద్ వాసి:
మధ్యలో ఒక మాట. మా దామగుండం అడవిలో 2,900 ఎకరాలు ఈ పడవలకు సందేశాలు పంపే రాడార్ స్టేషన్ కోసం ఇచ్చారు. 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. చెట్ల కోసం మావాళ్లు పోరాడారు, నేను కూడా వెళ్లాను. పడవ పెద్దదైనా చిన్నదైనా అడవి మాత్రం పోతుంది. అంత మూల్యం చెల్లించాక అది పడవల దాకా మాట చేర్చే పని సవ్యంగా చేయాలని అడిగే హక్కు మాకుంది.

లోతునీళ్లు:
వికారాబాద్ గారూ, మీ బాధ న్యాయమైనదే. ఒక్క సవరణ, అది రాడార్ కాదు. బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో తరంగాలు పంపే కేంద్రం. ఆ తరంగాలే ఉప్పునీటిలో పది ఇరవై మీటర్ల లోతు దాకా దిగుతాయి. తిరునల్వేలిలో అలాంటిది ఇప్పటికే ఒకటుంది. ఒక్కదాని మీదే ఆధారపడితే మొదటి దెబ్బకే మన పడవలకు చెవులు పోతాయి. తిరిగి కొట్టే శక్తి నిలవాలంటే రెండోది కావాల్సిందే.

తూర్పుతీరం గారూ, సి-4 ఉదాహరణ బలమైనది. పాత ట్యూబుకే లావు క్షిపణి అనే మీ లెక్కకు నా ఓటు కూడా వేస్తున్నాను. అది కుదిరితే అరిధామన్, ఎస్-4 స్టార్ రెండూ చెన్నైకి దక్షిణాన దాక్కోగలవు. అలాగని ఎస్-5ని పక్కన పెట్టడానికి మాత్రం ఒప్పుకోను. ఫ్రాంక్లిన్ పడవలు తప్పించుకు తిరిగింది 1980ల నాటి సోవియట్ సోనార్ల నుంచి, అంటే నీటిలో శబ్దాన్ని బట్టి పడవని పసిగట్టే పరికరాల నుంచి. ఎస్-5 ఎదుర్కోబోయేది 2040ల నాటి చైనా సోనార్లని. ఎనిమిది ట్యూబుల పడవ ఇంకొకటి కట్టండి, కాదనను. మూడు మాత్రం వద్దు. ఆ రెండింటి ఉక్కు, ఆ రెండింటి ఏళ్లు ఎస్-5కే ఇవ్వాలి.

తూర్పుతీరం:
ఒకటా, మూడా అన్న దగ్గరికి వచ్చామన్నమాట. నేను రెండు దగ్గర ఆగుతాను. కారణం చెబుతాను. అరిహంత్‌నీ అరిఘాత్‌నీ చైనాకి సంబంధించిన లెక్కలోంచి తీసేస్తే మనకు మిగిలేది అరిధామన్, ఎస్-4 స్టార్. వాటికి ఇంకో రెండు కలిస్తే తప్ప నాలుగు కావు. నాలుగు లేకుండా ఎస్-5 వచ్చేదాకా ఏటా కొన్ని నెలలు బంగాళాఖాతం ఖాళీగా ఉంటుంది.