‘ప్రస్తుతం’ అంటే ‘ఇప్పుడు’ అనేనా?

మిత్రులకు నమస్కారం. మా అమ్మాయి సుమతీ శతకంలోని పద్యం వల్లె వేస్తూ మొదటి పాదం దగ్గరే ఆగిపోయింది.

ఎప్పటి కెయ్యది ప్రస్తుత
మప్పటి కా మాటలాడి యన్యుల మనముల్
నొప్పింపక తా నొవ్వక
తప్పించుక తిరుగువాడు ధన్యుడు సుమతీ

“నాన్నా, ప్రస్తుతం అంటే ఇప్పుడు కదా! మరి ‘ఎప్పటికి ఏది ఇప్పుడో’ అంటే ఏమిటి?” అని అడిగింది. చిన్నప్పటి నుంచి నాకు నోటికి వచ్చిన పద్యమే, కానీ ఈ అనుమానం ఎన్నడూ రాలేదు.

‘స్తు’ ధాతువుకు ‘ప్ర’ ఉపసర్గ చేరితే వచ్చిన మాట ఇది. ప్రస్తావన, ప్రస్తావించడం దీని తోబుట్టువులు. ఎత్తుకున్న విషయం, సందర్భానికి తగినది అని పద్యంలో దాని అర్థం. అలంకారశాస్త్రంలో ‘అప్రస్తుతప్రశంస’ ఉంది కదా, అక్కడా అంతే: వేరొకదాన్ని వర్ణించి అసలు సంగతిని స్ఫురింపజేయడం. వాడుకలో ‘ప్రస్తుతం’ మెల్లగా ‘ఇప్పుడు’గా మారిపోయింది. విచిత్రం ఏమిటంటే ‘అప్రస్తుతం’ మారలేదు! ఆ మాట వింటే ‘ఇప్పుడు కానిది’ అని ఎవరికీ తోచదు, ‘ఇక్కడ సందర్భం లేనిది’ అనే తోస్తుంది.

ఈ జంట నన్ను వదలడం లేదు. జరిగిపోయింది తలచుకోవద్దు, రాబోయేదాని గురించి ఆలోచించవద్దు అని అందరూ చెబుతారు. మనసు ఆ మాట వినదు. ‘ఇది ఇప్పుడు ప్రస్తుతమా?’ అని అడిగితే మాత్రం కాస్త ఆగి చూస్తుంది. మీరేమంటారు?

వ్యాఖ్య: మంచి చర్చ ఎత్తారండి. ఒక్క సంగతి కలపనివ్వండి. వైద్యుడు ఎప్పుడో తగ్గిపోయిన జబ్బు గురించి అడిగితే ఆ పూటకు గతమే ప్రస్తుతం. ప్రయాణానికి బట్టలు సర్దుతుంటే రేపే ప్రస్తుతం. కాలాన్ని బట్టి గీత గీయకుండా పద్యం ‘ఎప్పటికి... అప్పటికి’ అంది. మనం రోజూ అనే ‘ఎప్పటికప్పుడు’లో ఉన్నవీ ఆ రెండు మాటలే. అందులో ‘ఇప్పుడు’ లేనే లేదు, గమనించారా?

వ్యాఖ్య: ‘అప్పుడు’ సంగతి కూడా చూడండి. “అప్పుడు నాకు ఆరేళ్లు” అంటాం. “రేపు వస్తాడుగా, అప్పుడు అడుగుదాం” అనీ అంటాం. ‘అ’ దూరాన్ని చూపేది, ‘ఇ’ దగ్గరను చూపేది. వెనకటి కాలమైనా ముందు కాలమైనా తెలుగుకు ఒకే ‘అప్పుడు’. దగ్గర ఉన్నది ‘ఇప్పుడు’ ఒక్కటే. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మొదటి పోస్టు రాసినవారి జవాబు: ఇద్దరికీ కృతజ్ఞతలు. బట్టలు సర్దే ఉదాహరణ చదివాక ఒకటి చెప్పాలనిపించింది. మా నాన్నగారు చివరి రోజుల్లో ఒక సాయంత్రం నా మణికట్టు పట్టుకుని కిటికీ వైపు చూపిస్తూ ఏదో చెప్పబోయారు. నేను మర్నాటి పరీక్షల కాగితాలు తేదీల వరుసలో పేరుస్తున్నాను. “ఒక్క నిమిషం నాన్నా” అన్నాను. కాగితాలు సర్ది తల ఎత్తేసరికి ఆయన కళ్లు మూసుకున్నారు. నిద్రే. కానీ మర్నాడు అడిగితే ఆయనకు గుర్తు లేదు. ఆ కాగితాలూ అవసరమైనవే, కాదనను. ఆ నిమిషానికి అవి అప్రస్తుతం.

నిన్న రాత్రి మా అమ్మాయికి ఈ చర్చంతా చదివి వినిపించాను. పుస్తకంలో ‘ప్రస్తుతము’ పక్కన ముందు రాసుకున్న ‘ఇప్పుడు’ చెరిపేసి, పెన్సిలుతో ‘ఎదుట ఉన్నది’ అని రాసుకుంది.