పాత స్ప్లెండర్ ఇంజన్‌లో మడ్డి: డీజిల్ పోసి కడగాలా, కవర్ విప్పి తీయాలా?

పొందూరు గుంటడు:
నాన్నగారి బండి, 2001 మోడల్ హీరో హోండా స్ప్లెండర్. ఆయన రిటైరయ్యాక సంతకీ, గుడికీ తప్ప బయటికి తీసింది లేదు. ఇక నేను వాడదామని ఆయిల్ మార్పించడానికి శ్రీకాకుళం తీసుకెళ్లాను. డ్రైన్ బోల్టు విప్పితే ఆయిల్ ధారగా పడలేదు, సాగుతూ సాగుతూ జారింది. ఆయిల్ పోసే మూత లోపలివైపు వేలు పెడితే నల్లటి ముద్ద అంటుకుంది. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక మెకానిక్ "డీజిల్ పోసి పది నిమిషాలు స్టార్టింగ్‌లో ఉంచితే మడ్డంతా దిగిపోతాది" అన్నాడు. పక్క షెడ్డాయన "దాన్ని కదపొద్దు బాబూ, కదిపితే బోరుకొస్తాది, అంటే సిలిండర్ చెక్కించాల్సొస్తాది, ఆయిల్ మార్చి తోలుకో" అన్నాడు. పొగ లేదు, పికప్ ఉంది, ట్యాపెట్ల (వాల్వుల దగ్గరి) చప్పుడు మాత్రం కొంచెం వినిపిస్తోంది. ఎవరి మాట వినమంటారు?

సాలూరు లారీ:
ఏటి బావూ, దీనికి ఇంత ఆలోచనేటి? మా సాలూర్లో ఇన్నేళ్లుగా లారీ ఇంజన్లు దేంతో కడిగారనుకున్నావు? ఇంజను వేడి మీద పాత ఆయిలు దింపీసి, డీజిలు సగం, చవక ఆయిలు సగం కలిపి పోసీసి, ఎక్సిలేటరు ముట్టకుండా స్లోలో కాసేపు ఉంచీడం. దింపీడం. కొత్త ఆయిలు పోసీడం. అంతే. సుంకి ఘాటీ ఎక్కి దిగే బళ్లే అలగ బతికాయి, నీ వంద సీసీ బండికేటి వస్తాది? కవరు విప్పమన్నోడికి పని కావాలి, నీకు బండి కావాలి.

రాజాం కుర్రోడు:
డీజిల్ ఎందుకన్నా, షాపుల్లో ఇంజన్ ఫ్లష్ డబ్బాలు దొరుకుతున్నాయి కదా. పాత ఆయిల్లో కలిపి పది నిమిషాలు స్లోలో ఉంచి దింపడమే.

చీపురుపల్లి స్పానర్:
ఇద్దరూ ఒక విషయం మరిచిపోతున్నారు. స్ప్లెండర్‌కి లారీలాగా, కారులాగా కాగితం ఫిల్టర్ లేదు. ఉన్నవి రెండే. ఇంజన్ అడుగున కుడివైపు ఒక జాలీ. క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) కుడి చివర గుండ్రటి డబ్బీలాంటి సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్. ఈ రెండోది క్రాంక్‌తోపాటే తిరుగుతుంది. ఆ విసురుకి ఆయిల్లో ఉన్న ఇనుప పొడి, మసి, క్లచ్ ప్లేట్ల పొట్టు వెళ్లి డబ్బీ గోడకి అతుక్కుంటాయి. ఇరవై ఏళ్ల మడ్డిలో సగం అక్కడే ఉంటుంది.

ఇప్పుడు మీరు డీజిల్ పోసి ఇంజన్ స్టార్ట్ చేశారు. డబ్బీ తిరుగుతూనే ఉంది కదా! మడ్డిని గోడకేసి నొక్కుతూనే ఉంది. డీజిల్ దాని మీద నుంచి జారి పోతుందే తప్ప దాన్ని లేపదు. మరి లేచేది ఏది? క్రాంక్‌కేస్ (క్రాంక్ ఉండే ఇంజన్ కింది పెట్టె) మూలల్లో, హెడ్డులో (వాల్వులుండే ఇంజన్ పైభాగం) మెత్తగా ఉన్నది. అది పెళ్లలుగా ఊడి జాలీ మీద పడుతుంది. జాలీ మూసుకుంటే పంపుకి ఆయిల్ అందదు. ముందు ఎండేది హెడ్డు. అక్కడ వాల్వుల్ని తెరిచే క్యామ్, రాకర్లు అరిగిపోతాయి. "డీజిల్ పోశాక ట్యాపెట్ల చప్పుడు పెరిగింది" అంటూ నా షెడ్డుకి వచ్చే బళ్ల కథ ఇదే. ఫ్లష్ డబ్బా అయినా అంతే తమ్ముడూ, డబ్బీలోది డబ్బీలోనే ఉంటుంది.

కుడివైపు కవర్ విప్పితే పని కళ్లముందు ఉంటుంది. కిక్ రాడ్డు, సైలెన్సర్, ఫుట్‌రెస్ట్ తీయాలి. కవర్ బోల్టులన్నీ ఎనిమిదో నంబరు స్పానర్‌వే. లోపల డబ్బీ మూతకి మూడు స్క్రూలు. మూత తీస్తే గోడ చుట్టూ నల్లగా, గోరు గుచ్చితే గుర్తు పడేంత గట్టిగా పేరుకుని కనిపిస్తుంది. రోలుకి ఎండిపోయిన పిండి నీళ్లు పోస్తే వస్తుందా, గోకాలి గానీ! చెక్కపుల్లతో గోకి, కిరసనాయిలుతో తుడిచి, జాలీని పైకి లాగి బ్రష్‌తో కడిగి పెట్టేయడమే. ఇదేదో నేను కనిపెట్టిన రిపేరు కాదు. ఈ రెండూ శుభ్రం చేయాలని బండితో ఇచ్చే సర్వీస్ చార్టులోనే ఉంటుంది, ఎవరూ చేయరంతే.

సాలూరు లారీ:
చెప్పినావు బాగానే ఉంది. మరి కవరు విప్పితే హెడ్డులోది వస్తాదేటి? ఆయిలు పోయే సన్న దారుల్లోది వస్తాదేటి? నీ చెక్కపుల్ల అక్కడికి దూరదు కదా. అక్కడికి వెళ్లేది పలచగా ఉన్నదే. ఇంకోటి, స్టార్ట్ చేస్తే కదా నీ గొడవంతా. చెయ్యొద్దు. డీజిలు పోసి, ప్లగ్గు తీసీసి, నాలుగు కిక్కులు కొట్టి, రాత్రంతా వదిలీసి, పొద్దున బండి అటూ ఇటూ వంచి దింపీ. బేరింగుకి బరువు లేదు, డబ్బీ తిరగడం లేదు. దీనికేటంటావు?

చీపురుపల్లి స్పానర్:
స్టార్ట్ చేయకపోతే సగం గొడవ తప్పినట్టే, ఒప్పుకుంటా. మిగతా సగం సంగతి ఏమిటి? దింపినా అడుగున, గేర్ల మధ్య, క్లచ్‌లో కొంత డీజిల్ ఉండిపోతుంది. ఈ బండికి పట్టే ఆయిలే లీటరుకి లోపు. అందులో ఒక టీగ్లాసుడు డీజిల్ కలిసినా తేడా తేడాయే. లారీకి డబ్బాలకి డబ్బాలు పోస్తారు కాబట్టి దానికి తెలీదు.

కోట జంక్షన్:
విజయనగరం నుంచి నా వంతు. ఆయిల్ చిక్కదనాన్ని సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు. 40 డిగ్రీల వేడి దగ్గర డీజిల్ 2 నుంచి 4.5 మధ్య ఉంటుంది. ఈ బళ్లలో పోసే 10డబ్ల్యూ30 ఆయిల్ అదే వేడికి 60, 70 దగ్గర ఉంటుంది. అంత తేడా ఉన్నదాన్ని పోసి, గాలితో చల్లబడే ఇంజన్‌ని పది నిమిషాలు తిప్పమనడం నాకు మింగుడుపడదు. సగం సగం కలిపినా పెద్దగా మారదు, కలిపితే చిక్కదనం పలుచటి దాని వైపే ఎక్కువ మొగ్గుతుంది.

"కదపొద్దు" అన్న పక్క షెడ్డాయన మాటకి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. అందులో సగం నిజం ఉంది. అరిగిన ఇంజన్‌లో సీళ్ల దగ్గర మడ్డి అడ్డుపడి కారకుండా ఆపుతుంది, తీస్తే కారుతుంది. కానీ కారేది సీలు పోయినందుకు, మడ్డి తీసినందుకు కాదు. సీలు మార్చుకోవాలి. నాకైతే ఆయన మాట వినడం కంటే డీజిలే నయం అనిపిస్తుంది.

హెడ్డు సంగతికి: మంచి ఆయిల్లోనే మడ్డిని కరిగించే మందు ఉంటుంది, కాకపోతే నెమ్మదిగా చేస్తుంది. కవర్ విప్పి శుభ్రం చేయించి, మామూలు 10డబ్ల్యూ30 పోసి, మొదటి రెండుసార్లు మాత్రం త్వరత్వరగా మార్చండి. జాసో ఎంఏ (ఆయిల్లో మునిగే క్లచ్‌కి సరిపడేదని చెప్పే గుర్తు) అని ఉన్న డబ్బానే కొనండి. స్ప్లెండర్‌లో క్లచ్ కూడా ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్ చవకని పోస్తే క్లచ్ జారుతుంది.

పలాస జీడిపప్పు:
ముందు మడ్డి రంగు చూడండి. నల్లగా ఉంటే పాత ఆయిల్ మాడిన మడ్డి. కాఫీ రంగులో నురగగా ఉంటే నీళ్లు కలిసినట్టు. పెట్రోల్ మండితే లోపల నీటి ఆవిరి పుడుతుంది. గుడిదాకా వెళ్లి వచ్చే బండిలో ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, ఆ తేమ బయటికి పోక ఆయిల్లోనే ఉండిపోతుంది. పైగా మనది సముద్రపు గాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మావైపు నీళ్లలో నిలబడిపోయిన బళ్లకి కిక్ కొట్టకముందే ఆయిల్ దింపినవాళ్లు బయటపడ్డారు. "ముందు స్టార్ట్ అవుతుందో లేదో చూద్దాం" అన్నవాళ్లకి బేరింగులు ఖర్చయ్యాయి. నీళ్ల మడ్డికి డీజిల్ దండగ, ఆయిల్ మార్చి, వేడెక్కేదాకా తోలి, మళ్లీ మార్చాలి.

ఆర్ఎక్స్ వీరుడు:
నా ఆర్ఎక్స్ 100కి కూడా ఇదేనా?

చీపురుపల్లి స్పానర్:
నీది టూ స్ట్రోక్ నాయనా. ఆయిల్ పెట్రోల్‌తో కలిసి కాలిపోతుంది, క్రాంక్‌కేస్‌లో నిలవే ఉండదు. గేర్ ఆయిల్ వేరు. నీకు పేరుకునేది సైలెన్సర్లో మసి. ఇంకో చర్చ పెట్టు, అందరం వస్తాం.

బొబ్బిలి బుల్లెట్:
పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ వాళ్లు ఇది చదివి డీజిల్ డబ్బా ఎత్తకండి. దాని ఆయిల్ ట్యాంకు ఇంజన్ కేసులోనే వేరే గదిగా ఉంటుంది. ఒక పంపు ఆయిల్ని పంపుతుంది, ఇంకోటి తిరిగి తెస్తుంది. ఒక్క బోల్టు విప్పితే మొత్తం దిగదు. మీరు పోసిన డీజిల్ కొంత ఎక్కడో మిగిలి, మర్నాడు కొత్త ఆయిల్లో కలుస్తుంది. ఫెల్ట్ ఫిల్టర్ మార్చి, ప్లగ్గులన్నీ విప్పి ఒక రాత్రి కారనివ్వడమే పద్ధతి. క్లచ్, గేర్‌బాక్సుల ఆయిళ్లు వేరు కాబట్టి అక్కడ మీకు కొంత సుఖం.

పొందూరు గుంటడు:
మడ్డి నల్లగానే ఉంది, నురగ లేదు. కవర్ విప్పిద్దామనే అనుకుంటున్నా. హెడ్డుకి ఆయిల్ అందుతోందో లేదో ముందే తెలుసుకునే దారుందా? పెట్రోల్‌తో కడిగితే త్వరగా పోతుందని ఇంకొకరు అన్నారు, అదెలా?

చీపురుపల్లి స్పానర్:
పెట్రోల్ మాట ఎత్తొద్దు. వేడి ఇంజన్ పక్కన దాని ఆవిరి అంటుకుంటే బండితోపాటు షెడ్డూ పోతుంది. విప్పిన సామాను కడగడానికి కిరసనాయిలో డీజిలో చాలు. అక్కడ డీజిల్ ఎంతైనా వాడుకో, నాకు అభ్యంతరం లేదు.

హెడ్డు చూడటం తేలిక. ట్యాపెట్ మూత ఒకటి విప్పి, స్లోలో ఉంచి, టార్చి వేసి చూడు. కాసేపటికి రాకర్ మీద ఆయిల్ తడి తాజాగా మెరుస్తూ, చిన్న చిన్న చుక్కలు ఎగరాలి. పొడిగా ఉంటే వెంటనే ఆపెయ్. అప్పుడు కవర్ ఒక్కటే సరిపోదు, హెడ్డూ దించాలి.

సాలూరు లారీ:
సరే, విప్పండి విప్పండి. ఆ మూడు స్క్రూల గురించి మాత్రం గుంటడికి ఎవరూ చెప్పనేదు. ఇరవై ఏళ్లుగా బిగిసిపోయినవి. మామూలు స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే తలలు అరిగిపోయి కూచుంటాయి, అప్పుడు డ్రిల్లే గతి. ఇంపాక్ట్ స్క్రూడ్రైవరు పెట్టి, సుత్తితో వెనక ఒక్కటి గట్టిగా కొట్టించు. అది లేని షెడ్డుకి వెళ్లకు. మూత కింద ప్యాకింగు, కవరు ప్యాకింగు కొత్తవి ముందే కొని జేబులో పెట్టుకెళ్లు, పాతవి చిరక్కుండా రావు.

చీపురుపల్లి స్పానర్:
ఇది మాత్రం లారీ అన్నియ్య కరెక్టుగా చెప్పాడు. కిక్ షాఫ్ట్ ఆయిల్ సీలు కూడా కొను, కవర్ ఎలాగూ చేతిలోనే ఉంటుంది.