‘స్వేచ్ఛకు శిక్ష’లో ఆ ‘కు’ ఏ అర్థంలో?

పాతప్రతి: చలం నవల ‘మైదానం’లోని రాజేశ్వరి మీద ఎప్పుడో చదివిన వ్యాసంలోని ఒక వాక్యం వెంటాడుతోంది. ‘స్వేచ్ఛకు శిక్ష పడిన మనిషి’ అనా, ‘స్వేచ్ఛాశిక్ష పడిన మనిషి’ అనా? ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ మాటకు (మనిషికి పడిన శిక్ష స్వేచ్ఛగా ఉండటమే) తెలుగని తెలుస్తూనే ఉంది. అసలు పాఠం ఎవరికైనా గుర్తుందా?

విభక్తిప్రియ: ‘కు’ అయితే అర్థం తలకిందులే. దొంగతనానికి శిక్ష, హత్యకు శిక్ష అంటాం. అంటే ‘కు’కు ముందు వచ్చేది నేరం. శిక్ష పేరు చెప్పాలంటే ఉరిశిక్ష పడింది, యావజ్జీవం పడింది అంటాం. ‘ఉరికి శిక్ష’ అనం. కాబట్టి ‘స్వేచ్ఛకు శిక్ష’ అనగానే చెవికి వినిపించేది ‘హద్దు దాటింది, అనుభవించింది’ అని. సార్త్ర్ 1945 పారిస్ ఉపన్యాసంలో చెప్పింది వేరు. మనిషి తనను తాను సృష్టించుకోలేదు, అయినా లోకంలో పడ్డాక చేసే ప్రతి పనికీ పూచీ తనదే. స్వేచ్ఛే ఆ శిక్ష.

సూరిశిష్య: సమాసం చేసినా గొడవ తీరదండీ. స్వేచ్ఛ అనెడి శిక్ష అంటే రూపకం, స్వేచ్ఛ యొక్క శిక్ష అంటే షష్ఠి. చిన్నయసూరి లెక్కలో కి, కు, యొక్క ఒకే విభక్తి. ‘స్వేచ్ఛగా ఉండక తప్పని మనిషి’ అంటే సరిపోతుంది.

విభక్తిప్రియ: అందులో తీర్పు వాసన పోయింది. ఫ్రెంచిలో అది కోర్టు మాట.

మార్జిన్ నోట్స్: రాజేశ్వరిని ‘శిక్ష పడింది’ నుంచి మొదలుపెట్టి చదవడమే చిక్కు. ముగింపును తీర్పుగా తీసుకుంటే మిగతా నవలంతా సాక్ష్యమైపోతుంది. ముందు ఆమెకు దొరికినవి వేరుచేయాలి: పుట్టుక, పెళ్ళి, ప్లీడరు భర్త, ఊరి కట్టుబాటు. తర్వాత ఆమె ఎంచుకున్నవి. ఆపైన ఎంచుకుని కూడా ‘నా చేతుల్లో లేదు’ అన్నట్టు మాట్లాడే చోట్లు. సార్త్ర్ ఆత్మవంచన అనేది ఈ మూడోదాన్నే. క్రియాపదాలు చూడండి: ‘లేవదీసుకుపోయాడు’లో కర్త ఆమె ప్రేమికుడు అమీర్, ‘లేచిపోయింది’లో కర్త ఆమె. అమీర్ మరో అమ్మాయిని కోరుకున్న ఘట్టాన్ని ఈ కొలతతో చదివితే తెగువ ఎక్కడ ఆగిందో, లొంగుబాటు ఎక్కడ మొదలైందో పట్టుకోవచ్చు. ఇక్కడ సార్త్ర్ కంటే ఫ్రెంచి స్త్రీవాద రచయిత్రి సిమోన్ ద బోవాయే ఎక్కువ పనికొస్తుంది. ప్రేమించినవాణ్ణి దేవుణ్ణి చేసుకుని, ఆ భక్తినే స్వేచ్ఛ అనుకునే స్త్రీకి 1949 నాటి ‘ద సెకండ్ సెక్స్’లో ఒక అధ్యాయమే ఇచ్చింది.

పాతప్రతి: బాగుంది గానీ, ‘మైదానం’ 1927 నాటిది. చలం సార్త్ర్‌ను చదివి రాసినట్టు అనుకోకూడదు.

మార్జిన్ నోట్స్: అలా అనడం లేదు. చదివే పద్ధతి రచన తర్వాత రావచ్చు. పైగా కథ చెప్పేది రాజేశ్వరే, కాబట్టి ఆత్మవంచన ఉంటే ఆమె వాక్యాల్లోనే దొరకాలి. బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’లో ఆ వీలు లేదు. అమృతాన్ని మనం దయానిధి చూపులోంచే చూస్తాం.

కృష్ణపక్షం: స్వేచ్ఛ అంటే స్వ+ఇచ్ఛ. కృష్ణశాస్త్రి ‘నా ఇచ్చయే గాక నాకేటి వెరపు’ అన్నప్పుడే ఈ స్త్రీకి గొంతు సిద్ధమైంది. సార్త్ర్ దాకా ఎందుకు?

విభక్తిప్రియ: ఆ పాదం నాకూ ప్రాణమే. కానీ ఇచ్ఛ కోరిక, సార్త్ర్‌ది ఎంపిక. వెరపుకు ఎదుట ఒక వస్తువు ఉంటుంది: లోకం, నవ్వేవాళ్ళు. డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్ 1844లోనే వేరుచేసిన ఆందోళనకు ఎదుట ఏదీ ఉండదు, ఏమైనా చేయగలనన్న ఎరుకే ఆ ఆందోళన. కృష్ణశాస్త్రిది వెరపు లేని స్వేచ్ఛ, ఆందోళన ఇంకా రాలేదు.

కృష్ణపక్షం: రాలేదంటే ఒప్పుకోను. కృష్ణశాస్త్రి కావ్యం ‘కృష్ణపక్షం’ అంతా చదివి చెప్పండి. ఆ ఏడుపుకు ఎదుట ఏ వస్తువుంది?

సూరిశిష్య: అసలు ప్రశ్నకు వస్తే, రాజేశ్వరి చివర నేరం తన మీద వేసుకుంటుంది కదా. అక్కడ శిక్ష ఉపమానం కాదు, నిజమైన శిక్షే, దాన్నీ ఆమే ఎంచుకుంది. వ్యాసకర్త ఆ ఘట్టం గురించి రాస్తుంటే ‘కు’ తెలిసే పెట్టి ఉండొచ్చు. పాతప్రతి గారూ, ఆ వాక్యం వ్యాసం మొదట్లోదా, చివర్లోదా?

పాతప్రతి: చివర్లోదే అనుకుంటా. దాని తర్వాతి వాక్యం ‘అయినా’తో మొదలవుతుంది.

విభక్తిప్రియ: ‘అయినా’ ఉంటే మాత్రం ‘కు’ నిలవదు. సార్త్ర్ మాటలోనూ ‘తనను తాను సృష్టించుకోలేదు’ తర్వాత వచ్చేది ‘అయినా’యే.