వానాకాలం తరువాత ఏజెన్సీకి వెళ్లే ముందు కార్బురేటర్ విప్పాలా, వద్దా?

పంటుదారి:
సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 2012 నాటి హీరో ఇంపల్స్ ఉంది. ఈ ఏడాది వరదలకు మా లంక కాజ్‌వే ఒకటికి మూడుసార్లు మునగడంతో, జూలై నుంచి ఇప్పటిదాకా బండి వసారాలోనే ఉండిపోయింది. దసరా వెళ్లాక గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి, అక్కడి నుంచి గుడిసె కొండకు వెళ్దామనుకుంటున్నాను. బయలుదేరే ముందు కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి అందించే భాగం) విప్పించాలా, లేక బండి స్టార్ట్ అయితే చాలునని ముట్టుకోకుండా వదిలేయాలా?

లంకల రాదారి:
తప్పకుండా విప్పాలండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఒక హద్దు దాటితే నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. కార్బురేటర్‌కి అడుగు అంటే ఫ్లోట్ బౌల్, పెట్రోలు నిలిచే చిన్న గిన్నె. పెట్రోలుని కొలిచి పంపే సన్న రంధ్రాల జెట్లు ఆ బౌల్‌లోనే మునిగి ఉంటాయి. నిలవ ఉన్న పెట్రోలులో తేలికపాటి భాగం ఆవిరై పోగా మిగిలింది జిగురులా పేరుకుంటుంది, ముందుగా పూడేది పైలట్ జెట్, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పెట్రోలు అందించేది. దాని రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నం. చోక్ లాగితే నడిచి, చోక్ వెనక్కి నెట్టగానే ఆగిపోయే బండిని చూశారంటే అది ఇదే జబ్బు. మన కోనసీమ తేమలో రెండు నెలలు నిలిపిన బండిని అలాగే కొండ ఎక్కించడం పొరపాటు.

రాజోలు 411:
నేను ఒప్పుకోను. నాది 2016 రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2017లో కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ రాకముందు కొన్నది. బాగా నడుస్తున్న కార్బురేటర్‌ని విప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి చెడుతుంది. దాని లోహం మెత్తనిది, స్క్రూ ఒక్క చుట్టు ఎక్కువ బిగిస్తే మర పోతుంది. నిలిపేటప్పుడు పెట్రోల్ ట్యాప్ మూసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడిపితే బౌల్ ఖాళీ అవుతుంది. అంతకు మించి ఏమీ చేయనక్కరలేదు.

లంకల రాదారి:
ఖాళీ కాదండి. జెట్ మొన బౌల్ అడుగుని తాకదు, దాని కింద కొంత పెట్రోలు ఎప్పుడూ మిగులుతుంది. నీరు చేరేది కూడా సరిగ్గా అక్కడికే. ఇంజిన్ ఆగింది కాబట్టి ఖాళీ అయిందనుకోవడం, గరిటెకు అందలేదు కాబట్టి కుండలో ఏమీ లేదనుకోవడం లాంటిది. కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ విప్పితేనే బౌల్ ఖాళీ అవుతుంది.

కొబ్బరితోట:
ట్యాంకు మూతలో గాలి రంధ్రం కూడా చూసుకోండి. బురద పట్టి పూడుకుంటే పది కిలోమీటర్లకు బండి ఆగుతుంది, మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోతుంది. ఆ తరువాత ఏమీ జరగనట్టే నడుస్తుంది. మా బావగారు ఆ రోగం తెలియక కార్బురేటర్ మూడుసార్లు విప్పించారు.

రాజోలు 411:
డ్రెయిన్ స్క్రూ గురించే నేనూ చెబుతున్నది. నాలుగేళ్ల కిందట ఒక వర్క్‌షాపులో ఆ స్క్రూని ఇష్టం వచ్చినట్టు బిగించి మర పాడుచేశారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించాక బండి కింద పెట్రోలు చుక్కచుక్కగా కారుతుంటే, చుట్టూ నిలబడ్డ నలభై మంది నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. పైగా బౌల్‌ని నెలల తరబడి ఎండబెడితే రబ్బరు రింగులు గట్టిపడి, మళ్లీ పెట్రోలు తగలగానే కారడం మొదలవుతుంది. ఈ నష్టం గురించి ఎవరూ మాట్లాడరెందుకు?

లంకల రాదారి:
రింగు ఖరీదెంత, కొండ మీద ఆగిపోయిన బండిని దింపే ఖర్చెంత? స్క్రూ మర పోవడం స్క్రూ తప్పు కాదు, చేతి తప్పు. పొట్టి స్క్రూడ్రైవర్‌తో రెండు వేళ్లతో బిగించేవాడికి మర పోదు.

గోకవరం షెడ్డు:
నేను కొండ దిగి వచ్చే బండ్లను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. ఇద్దరూ స్క్రూ దగ్గరే ఆగిపోయారు కనుక మిగతా సంగతులు చెబుతాను. ఎక్కువ బండ్లు పాడయ్యేది మురికి వల్ల కాదు, మురికి తీసే పద్ధతి వల్ల. జెట్ ఇత్తడిది, దాంట్లో ఇనుప తీగ గుచ్చితే రంధ్రం పెద్దదవుతుంది, ఆపై ఆ బండి ఎప్పటికీ సరైన మైలేజీ ఇవ్వదు. జెట్‌ని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి, గుండ్రటి వెలుగు చుక్క కనబడాలి. కనబడకపోతే క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి. హిమాలయన్ లాంటి బండ్ల కార్బురేటర్‌లో పైన పల్చని రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది. దాని మీద క్లీనర్ పడితే ఉబ్బిపోయి మళ్లీ గాడిలో కూర్చోదు. కూర్చోబెట్టబోతే చిరుగుతుంది, అప్పుడు యాక్సిలరేటర్ ఎంత తిప్పినా బండి లాగదు.

ఇంకొకటి, వాగులు దాటేవాళ్లకి. బౌల్‌కి గాలి అందించే సన్నటి గొట్టాలు బండి కిందికి వేలాడుతుంటాయి. అవి నీళ్లలో మునిగితే బౌల్‌కి గాలి ఆడదు, ఎయిర్ ఫిల్టర్‌లోకి చుక్క నీరు పోకపోయినా ఇంజిన్ ఆగిపోతుంది. ఆ గొట్టానికి మధ్యలో T ఆకారపు ముక్క పెట్టి ఒక కొసను పైకి లాగి ట్యాంకు అడుగున కట్టాలి. చిన్న ఖర్చుతో తీరే పని. ఎత్తును బట్టి జెట్లు మార్చాలా అని కొందరు అడుగుతారు. గుడిసె ఎత్తుకి అక్కరలేదు.

రాజోలు 411:
డయాఫ్రమ్ మాట మీరే ఎత్తారు కాబట్టి ఇక దాచను. పోయిన నవంబరులో గుడిసె ఎక్కే దారిలో నా బండి ఆగినప్పుడు, నేను నీళ్ల కోసం కిందికి వెళ్లి వచ్చేలోగా నా కార్బురేటర్ విప్పి, డయాఫ్రమ్ మీద క్లీనర్ కొట్టింది ఈ లంకల రాదారి గారే. నన్ను ఒక్క మాట అడగలేదు. నా బండిని ట్రాలీ ఆటోలో రంపచోడవరం దింపాల్సి వచ్చింది. అప్పటి నుంచి 'విప్పాలి' అన్న మాట వింటేనే నాకు మండుతుంది.

లంకల రాదారి:
క్లీనర్ కొట్టింది నేనే, కాదనను. అయితే మిగతాది కూడా చెప్పండి. ఆ బండిలో ఉన్నది మూడు నెలల నాటి పెట్రోలు. బయలుదేరే ముందు రాత్రి 'అందరూ బౌల్ ఖాళీ చేశారా' అని నేను అడిగితే, చేశానన్నది మీరు. పొద్దు వాలుతుంటే ఆరుగురం, అందులో ఇద్దరు మొదటిసారి వచ్చిన పిల్లలు, ఆ వాలు మీద నిలబడిపోయాం. ఫోను సిగ్నల్ లేదు. నేను తొందరపడింది అందుకు. మీ బండి మీ ఇష్టం, నిజమే. కానీ అది ఆగితే ఆగేది అందరి ప్రయాణం.

రాజోలు 411:
నేను ట్యాప్ మూసి, ఆగేదాకా నడిపాను. నాకు తెలిసినంతలో అదే ఖాళీ చేయడం. నేను అబద్ధమాడానని మీరు ఆ రోజు పిల్లల ముందు అన్నారు. డయాఫ్రమ్ కొత్తది వేయించుకున్నాను, ఆ డబ్బు సంగతి నేనెప్పుడూ ఎత్తలేదు. నాకు బాధ కలిగించింది ఆ మాట.

లంకల రాదారి:
మీరు 'ఖాళీ చేశాను' అన్నదాని అర్థం అదని నాకు ఇప్పుడే తెలిసింది. ఆ రోజు నేను అలా అనకుండా ఉండవలసింది. మీకు చెప్పకుండా మీ బండి విప్పడం కూడా తప్పే. బౌల్ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారదు.

పంటుదారి:
ఇదంతా చదివి ఈ ఉదయం వసారాలోనే కూర్చుని చేశాను. ట్యాప్ మూసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడిపి, ఆ తరువాత డ్రెయిన్ స్క్రూ విప్పి, కింద గాజు సీసా పెట్టాను. ఆగిన తరువాత కూడా బౌల్‌లోంచి రెండు చెంచాల దాకా వచ్చింది. సీసా వంచితే అడుగున బఠాణీ గింజంత నీటి గుండు ఒకటి పాదరసంలా అటూ ఇటూ దొర్లింది. స్క్రూ మొనకి తెల్లటి పొడి అంటుకుని ఉంది. బౌల్ దించి, జెట్‌ని బయటకి తీసి ఎండకెదురుగా పెట్టి చూస్తే వెలుగు చుక్క గుండ్రంగానే కనిపించింది కాబట్టి ఇంకేమీ విప్పలేదు. స్క్రూకి కొత్త రబ్బరు రింగు వేసి, రెండు వేళ్లతోనే బిగించాను. ఇప్పటికి కారడం లేదు.

రాజోలు 411:
ఆగాక కూడా రెండు చెంచాలు వచ్చిందా? ఆ రింగు కొలత చెప్పండి, నేనూ తెచ్చుకుంటాను. దసరా తరువాత ఆదివారం నేనూ వస్తాను. దారిలో నా బండి ఆగితే నేనే విప్పుతాను, లంకల రాదారి గారు టార్చి పట్టుకుని పక్కన ఉంటే చాలు.

లంకల రాదారి:
పట్టుకుంటాను. శనివారం సాయంత్రం మీ ఇంటికి వస్తాను, బౌల్ మీరే విప్పండి.