నిమజ్జనం ముందు శని, ఆదివారాల్లో కుటుంబంతో హైదరాబాద్: ఖైరతాబాద్, ట్యాంక్‌బండ్ ఎలా చూడాలి?

హన్మకొండ_యాత్రి: నమస్తే అండీ. ఇద్దరు పిల్లలు (5, 9 ఏళ్లు), మోకాళ్ల నొప్పులున్న అమ్మ, మేమిద్దరం. ఖైరతాబాద్ గణేశుడి దర్శనం, ట్యాంక్‌బండ్ మీద నిమజ్జనాలు, రెండూ రెండు రోజుల్లో అవుతాయా? కారు తేవాలా? ఎక్కడ దిగాలి?

మెట్రో_రోజువారీ: కారు వద్దండీ. మీరు హన్మకొండ నుంచి బస్సులో వస్తే ఉప్పల్‌లో దిగిపోండి. అక్కడే నాగోల్–రాయదుర్గం లైన్ మెట్రో ఉంది. అమీర్‌పేటలో మారి ఎల్బీనగర్ వైపు వెళ్లే రైలెక్కితే పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఆ తర్వాత ఖైరతాబాదే. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లకు ఎల్బీనగర్‌లో దిగితే మారే పనే లేదు, ఒకటే లైన్. పెద్ద నిమజ్జనం (ఉత్సవాల చివరి రోజు) నాడు ఎలాగూ ఆర్టీసీ బస్సులను ఊరి అంచుల్లోనే ఆపేస్తారు కాబట్టి ముందే ఇలా అనుకుని బయల్దేరడం మేలు.

గది కూడా మెట్రోకి దగ్గర్లో ఉప్పల్, తార్నాక, అమీర్‌పేట ప్రాంతాల్లో తీసుకోండి. మండపం దగ్గరని లకిడీకాపూల్‌లో తీసుకుంటే రోడ్లు మూసిన సమయంలో సామాను మోసుకుంటూ నడవాల్సి వస్తుంది.

తిరుగు ప్రయాణానికి కిటుకు ఒకటుంది. దర్శనం అయ్యాక అందరూ ఖైరతాబాద్ స్టేషన్‌కే పోతారు. ప్లాట్‌ఫాం నిండితే మెట్లకిందే ఆపేస్తారు, అదిగో అక్కడే పిల్లలు నలిగిపోతారు. అమీర్‌పేట వైపు పోవాలంటే కిలోమీటరు పైచిలుకు నడిచి లకిడీకాపూల్‌లో ఎక్కండి. అది ఒక స్టేషన్ వెనక, కాబట్టి ఖైరతాబాద్ జనం ఎక్కకముందే మీరు లోపల ఉంటారు. ఎల్బీనగర్ వైపు పోయేవాళ్లు ఇదే లెక్కతో ఎర్రమంజిల్‌లో ఎక్కాలి. అమ్మగారికి ఆ నడక కష్టమైతే ఆటో దొరికేదాకా మెయిన్‌రోడ్డు వైపు వచ్చేయండి. టికెట్లు ముందే ఫోన్‌లో రానూపోనూ తీసుకుని పెట్టుకోండి, అక్కడ నెట్ పనిచేయదు.

చింతల్‌బస్తీ_పాతకాపు: దర్శనానికి వేళే ముఖ్యం. శనివారం సాయంత్రం ఐదు నుంచి అర్ధరాత్రి దాకా అసలు ఆలోచించకండి. ఆదివారం తెల్లవారుజామున ఐదు, ఏడు మధ్య రండి. ఐదింటికే చేరాలంటే అంత పొద్దున మెట్రో ఉండదు కాబట్టి ఆ ఒక్క ప్రయాణానికి ఆటోయో క్యాబో మాట్లాడుకోండి. లైటింగ్ చూడలేరు నిజమే, కానీ అమ్మగారు నిలబడి ఊపిరి పీల్చుకోగలుగుతారు. లైటింగ్ కావాలంటే రాత్రి సచివాలయం, 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం వైపు వెళ్తే పిల్లలకు అదీ తీరుతుంది.

మండపానికి రెండు వైపుల నుంచి వస్తారు. మెయిన్‌రోడ్డు, మెట్రో వైపు ఒకటి. ఐమ్యాక్స్, మింట్ కాంపౌండ్ నుంచి రైల్వే గేటు మీదుగా ఇంకొకటి. గేటు వైపు రైలొచ్చిన ప్రతిసారీ జనం ఆగిపోయి, గేటు ఎత్తగానే ఒక్కసారిగా తోసుకొస్తారు. పిల్లలతో ఆ దారి వద్దు.

ఇంకోటి. 1954లో ఒక్క అడుగుతో మొదలైన విగ్రహం 2024లో 70 అడుగులైంది. ఆ ఎత్తుకి కాళ్ల దగ్గర నిలబడితే పాదాలు, పొట్ట తప్ప ఏమీ కనబడవు. అందరూ ముందుకు తోసుకుంటుంటే మీరు పక్కకి జరిగి కాస్త వెనక నిలబడండి, ముఖం నిండుగా కనిపిస్తుంది. 2022 నుంచి మట్టితోనే చేస్తున్నారు, ఆ పనితనం కూడా దూరం నుంచే బాగా తెలుస్తుంది.

నిమజ్జనం ముందు రోజుకి దర్శనం పెట్టుకోకండి. షెడ్డు విప్పడం, వెల్డింగ్, విగ్రహాన్ని ట్రాలీ మీదికి ఎక్కించడం ఇవన్నీ అప్పుడే జరుగుతాయి. అందుకని దర్శనాలు ముందే ఆపేస్తారు.

ఇద్దరు_పిల్లల_అమ్మ: పిల్లల గురించి చెప్తాను. చేతి మీద బాల్‌పెన్నుతో ఫోన్ నంబరు రాస్తే చెమటకి, వానకి పోతుంది. చిన్న అట్టముక్క మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పిన్నుతో చొక్కా లోపలివైపు గుచ్చండి. రెండు నంబర్లు రాయాలి: ఒకటి మీది, రెండోది ఊళ్లో ఇంటి దగ్గరున్న వాళ్లది. ఆ జనంలో మీ ఫోన్‌కి సిగ్నల్ అందదు, ఇంట్లోవాళ్లకి అందుతుంది. మీరూ పోలీసులూ ఇద్దరూ వాళ్లకే చేస్తే కబురు కలుస్తుంది. బయల్దేరేముందు ఆ రోజు వేసుకున్న బట్టలతో పిల్లల ఫోటో తీసుకోండి.

గొడుగు వద్దు, లైన్‌లో పక్కవాళ్ల కళ్లకి తగులుతుంది. రెయిన్‌కోట్లు తెండి. హవాయి చెప్పులు వెనకాల తొక్కితే తెగిపోతాయి, వెనక పట్టీ ఉన్నవి వేయండి. బాత్రూం పని గదిలోనే ముగించుకుని బయల్దేరండి, లైన్‌లోకి వెళ్లాక వీలుండదు.

ఎన్టీఆర్‌మార్గ్_వాలంటీర్: ట్యాంక్‌బండ్‌కి శనివారం సాయంత్రం సరిపోతుంది. మూడో రోజు నుంచే ఇళ్ల, కాలనీల గణపతులు వస్తుంటారు, విగ్రహాలను హుస్సేన్‌సాగర్‌లోకి దించే క్రేన్ పనితీరు దగ్గర్నుంచి చూడొచ్చు. నాలుగు రోడ్లు కలిసేచోట, మలుపుల్లో మాత్రం నిలబడకండి. ట్రాలీ తిరిగేటప్పుడు వెనక భాగం పక్కకి కోసుకుంటూ వస్తుంది, పోలీసులు తాడుతో జనాన్ని వెనక్కి నెడతారు, గోడకి ఆనుకున్నవాళ్లకి పోవడానికి దారుండదు. తిన్నగా ఉన్న చోట, వెనకాల ఖాళీ ఉన్న ఫుట్‌పాత్ ఎంచుకోండి. డీజే బండి పక్కన రెండు నిమిషాలు కూడా ఉండనివ్వకండి, ఐదేళ్ల పాప చెవులు ఆ మోత తట్టుకోలేవు.

మీ చిన్న మట్టి వినాయకుణ్ణి తెస్తుంటే పీపుల్స్ ప్లాజా దగ్గర నిమజ్జనానికి బల్దియా (నగరపాలక సంస్థ) కొలను ఉంటుంది. పత్రి, పూలు ముందే వేరే సంచిలోకి తీసేయండి.

హన్మకొండ_యాత్రి: చాలా సాయం చేశారు అందరూ. ఒకవేళ పెద్ద నిమజ్జనమే శనివారం వస్తే? 2025లో సెప్టెంబర్ 6 అలాగే వచ్చింది కదా.

చింతల్‌బస్తీ_పాతకాపు: అప్పుడు దర్శనం వదిలేసి ఊరేగింపే చూడండి. ఖైరతాబాద్ గణపయ్య పొద్దున్నే కదులుతాడు. పాత సైఫాబాద్ పోలీస్ స్టేషన్, ఇక్బాల్ మినార్, తెలుగుతల్లి జంక్షన్ మీదుగా ఎన్టీఆర్ మార్గ్‌లో నాలుగో నంబరు క్రేన్ దగ్గరికి. 2024లోనూ 2025లోనూ మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతానికే గంగమ్మ ఒడికి చేరాడు. సాయంత్రం చూద్దామని కూర్చుంటే ఆయన ఉండడు. బాలాపూర్ గణపతి, పాతబస్తీ విగ్రహాలు చార్మినార్, అఫ్జల్‌గంజ్, మొజంజాహీ మార్కెట్, అబిడ్స్, లిబర్టీ మీదుగా వస్తాయి. ఊరంతా కదిలొచ్చిన సందడి చూడాలంటే మొజంజాహీ మార్కెట్టే సరైన చోటు, గాంధీభవన్ మెట్రోలో దిగి నడవొచ్చు.

మెట్రో_రోజువారీ: ఆ రోజు రాత్రి మెట్రో వేళలు పొడిగిస్తారు, ముందురోజు ప్రకటన చూసుకోండి. ఆదివారం పొద్దున కూడా విగ్రహాలు వస్తూనే ఉంటాయి, ట్యాంక్‌బండ్ చుట్టూ రోడ్లు వెంటనే తెరవరు. కాబట్టి తిరుగు బస్సుకి ఇమ్లీబన్ (ఎంజీబీఎస్) బస్టాండ్ దాకా పోవద్దు, మళ్లీ ఉప్పల్ నుంచే ఎక్కండి.