గరాజ్ ఫ్లోర్‌కి ఎపాక్సీ: కిట్‌లో ఇచ్చే యాసిడ్ పొడి సరిపోతుందా?

ఫ్రిస్కో_కొత్తిల్లు:
డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో పాత ఇల్లు కొన్నామండీ. రెండు కార్ల గరాజ్, ఓ 400 చదరపు అడుగులు ఉంటుంది. కారు ఆగే చోట ఆయిల్ మరకలు, మధ్యలో సన్నటి పగులు. కాంట్రాక్టర్ రేటు విన్నాక ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి నేలకి వేసే గట్టి పూత) కిట్ తెచ్చి నేనే వేద్దామని డిసైడయ్యా. అందులో పూత పట్టేలా నేలని గరుకు చెయ్యడానికి యాసిడ్ పొడి ఇస్తున్నారు, అది చాలా? శనివారం వేస్తే ఆదివారం కారు పెట్టుకోవచ్చా?

గరుకునేల:
చాలదు. నేల మీద నీళ్లు చల్లండి, ఇంకకుండా బొట్లుగా నిలబడితే పాత సీలరో (నీళ్లు ఇంకకుండా వేసే పూత) నూనో ఉన్నట్టే, అక్కడ యాసిడ్ కాంక్రీట్ దాకా వెళ్లనే వెళ్లదు. ముందు మరకల మీద డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం) పోసి గట్టి బ్రష్‌తో తోమి కడగండి, ఆ తర్వాత డైమండ్ గ్రైండర్ (కాంక్రీట్ పైపొరని అరగదీసే మెషీన్) అద్దెకు తెచ్చి, వాక్యూమ్ తగిలించి (మాస్క్ తప్పనిసరి, ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది) చెయ్యి పెడితే గరుకు కాగితంలా తగిలేదాకా పట్టించండి. ఇది ఎగ్గొడితే హైవే మీంచి వచ్చిన వేడి టైరు కింద పూత మెత్తబడి, టైరుకే అంటుకుని పెచ్చులుగా లేచొస్తుంది.

బాబాయ్_ప్లేనో:
తేమ కూడా చూసుకో అబ్బాయ్. అడుగున్నర ప్లాస్టిక్ షీటుకి నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజు వదిలెయ్. అడుగున చెమట పట్టినా, కాంక్రీట్ రంగు ముదిరినా పని ఆపు. పగుల్లో ఎపాక్సీ ఫిల్లర్ నింపి, ఆరాక సాపు చెయ్యి. బియ్యం బస్తాలు, రెండో ఫ్రిజ్ అన్నీ ముందే బయటికి లాగెయ్, సగం వేసి జరుపుదామంటే కుదరదు.

ఫ్రిస్కో_కొత్తిల్లు:
థాంక్స్ బాబాయ్. జులైలో వేస్తే?

గరుకునేల:
తెల్లవారుజామునే మొదలెట్టండి, మధ్యాహ్నం ఎండలో వద్దు. రెండు భాగాలూ కలిపాక బకెట్లో ఉంచితే దానికదే వేడెక్కి గడ్డకట్టేస్తుంది, వెంటనే నేల మీద బారుగా పోసి స్క్వీజీతో (కర్రకి రబ్బరు అంచున్న పనిముట్టు) లాగాలి. డోర్ దగ్గర ఎండ పడేచోట ఎపాక్సీ పసుపెక్కుతుంది కాబట్టి పైన ఎండకి తట్టుకునే పాలియాస్పార్టిక్ కోటు వేస్తే మంచిది. ఆదివారం కారు మాత్రం మర్చిపోండి, నడవడానికే ఒక రోజు కావాలి, కారుకి కనీసం మూడు రోజులు, డబ్బా మీద వారం అని ఉంటే వారమే. గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే సాల్వెంట్ (తేలిగ్గా మంట అంటుకునే ద్రవం) వాడే ముందు దాని పైలట్ (లోపల ఎప్పుడూ వెలిగే చిన్న మంట) ఆర్పేయండి.