హెచ్4 మీద వచ్చా, జీఎన్ఎం చేశా, ఏ కాలేజీలో చేరాలి?

కొత్తగా డాలస్: అందరికీ నమస్తే అండి. ఖమ్మంలో 2013లో జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయింది, హైదరాబాద్‌లో ఆరేళ్లు ఐసీయూలో చేశా. మూడు నెలల క్రితం హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద అమెరికా వచ్చా. బీఎస్ఎన్ (నర్సింగ్ డిగ్రీ) చేసి ఇక్కడే పైకి వెళ్దామని ఉంది. ఆన్‌లైన్ మంచిదా, కాలేజీకి వెళ్లాలా? ఏది చవక?

ఎడిసన్ బాబాయ్: అమ్మా, ముందు వీసా సంగతి చూసుకో. హెచ్4 మీద చదవడం కుదరదు, ఎఫ్1 (స్టూడెంట్ వీసా)కి మారాల్సిందే. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నా. జీఎన్ఎం కూడా ఇక్కడ చెల్లదు, ఇండియా వెళ్లి పోస్ట్ బేసిక్ (జీఎన్ఎం వాళ్లు చేసే బీఎస్సీ నర్సింగ్) రెండేళ్లు చేసుకుని రా.

నైట్‌షిఫ్ట్ అక్క: బాబాయ్ గారూ, పిల్లని భయపెట్టకండి. హెచ్4 మీద శుభ్రంగా చదువుకోవచ్చు, ఈఏడీ (వర్క్ పర్మిట్) లేకుండా ఉద్యోగం మాత్రం చెయ్యకూడదు. నాదీ జీఎన్ఎమ్మే, ఎన్‌క్లెక్స్ (ఇక్కడి నర్సింగ్ లైసెన్స్ పరీక్ష) రాసి ఆర్ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) చేస్తున్నా. చెల్లీ, కాలేజీ తర్వాత. ఆర్ఎన్ టు బీఎస్ఎన్‌లో చేరాలంటే ముందు ఇక్కడి లైసెన్స్ ఉండాలి, దానికి సీజీఎఫ్ఎన్ఎస్ (ఇప్పుడు ట్రూమెరిట్ అంటున్నారు) లాంటి, బయటి దేశాల నర్సుల చదువు పరిశీలించే సంస్థ దగ్గర నీ చదువు ఇవాల్యుయేషన్ అవ్వాలి. ట్రాన్‌స్క్రిప్ట్ మన కాలేజీ నుంచే నేరుగా వెళ్లాలి, మన చేత్తో పంపితే తీసుకోరు. అక్కడే నా ప్రాణం తోడేశారు. మా తమ్ముడు నాలుగు నెలలు మా కాలేజీ ఆఫీసు చుట్టూ తిరిగాడు, ఇవాళ మేడం లేరు, రేపు స్టాంపు బీరువాలో ఉంది తాళం లేదు, ఎల్లుండి ఆడిట్. ఎలాగో పంపారు, అమ్మయ్య అనుకున్నా. ఆరు వారాలకి మెయిల్ వచ్చింది, పీడియాట్రిక్స్ క్లినికల్ (హాస్పిటల్‌లో ప్రాక్టీస్) గంటల గడి ఖాళీ అని! థియరీ గంటలు రాసి పక్క గడి వదిలేశాడు ఆ మహానుభావుడు. మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి తమ్ముడు స్వీట్ బాక్స్ పట్టుకెళ్లి ఎదురుగా కూర్చుని గడి గడీ నింపించాడు. మెడికల్ సర్జికల్, మెటర్నిటీ, పీడియాట్రిక్స్, సైకియాట్రీ, నాలుగింటికీ థియరీ వేరు, క్లినికల్ వేరు, గుర్తుపెట్టుకో.

ప్లేనో వాసి: అక్క చెప్పింది కరెక్ట్. కాలిఫోర్నియా జోలికి మాత్రం పోకండి, థియరీ, క్లినికల్ ఒకే టైంలో జరిగాయా అని కొర్రీలు వేస్తారు, మా వదిన అక్కడ ఇరుక్కుని చివరికి టెక్సాస్‌కి అప్లై చేసింది. పాత ఎన్‌క్లెక్స్ పుస్తకాలు ఎవరైనా సగం ధరకి ఇస్తామన్నా కొనొద్దు, 2023 ఏప్రిల్ నుంచి పద్ధతి మారింది, కేస్ స్టడీలు ఎక్కువ. బీఎస్ఎన్‌కి సీసీఎన్ఈ గానీ ఏసెన్ గానీ (నర్సింగ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థలు) అక్రెడిటేషన్ ఉందో లేదో చూడండి, లేకపోతే ఎంఎస్ఎన్ (నర్సింగ్ పీజీ) దగ్గర చాలా చోట్ల తలుపు మూసేస్తారు. ఈఏడీ వచ్చి ఉద్యోగంలో చేరితే చాలా హాస్పిటల్స్ ఫీజు వాళ్లే ఇస్తారు, ఏడాదికి 5,250 డాలర్ల దాకా టాక్స్ కూడా పడదు. సొంత డబ్బులు తగలెయ్యడం దేనికి?

ఎడిసన్ బాబాయ్: టెక్సాస్ సరే. న్యూయార్క్‌లో బీఎస్ఎన్ లేకపోతే లైసెన్సే ఇవ్వరు.

నైట్‌షిఫ్ట్ అక్క: ఇస్తారు బాబాయ్ గారూ. 2017లో చేసిన చట్టం, లైసెన్స్ వచ్చాక 10 ఏళ్లలోపు బీఎస్ఎన్ పూర్తి చెయ్యమంది, అంతే. అయినా మీరు సాఫ్ట్‌వేర్ కదా?

ఎడిసన్ బాబాయ్: మా ఆవిడ ఫార్మసిస్ట్.

ప్లేనో వాసి: అయితే ఆవిడనే రాయమనండి సార్ 😀

కొత్తగా డాలస్: థాంక్యూ అక్కా, కాలేజీ లిస్టు పక్కన పెట్టేశా. నాన్న సోమవారం కాలేజీకి వెళ్తున్నారు, ఆ నాలుగు సబ్జెక్టులూ వాట్సాప్‌లో పెట్టా. స్వీట్ బాక్స్ అరకిలో సరిపోతుందా, కిలో కావాలా?